మీకు తెలుసా? ఫైనల్ అయిపోయాక మిగిలేవి

ఒకే ఆదివారం, రెండు ఫైనళ్లు

2025 నవంబరు 2, ఆదివారం. పొద్దున్న అయిదున్నరకు, మన కాకినాడలో పాలప్యాకెట్లు గుమ్మాల్లోకి చేరే వేళకు, కెనడాలోని టొరంటోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో ఆట మొదలైంది. అక్కడ అప్పటికి శనివారం రాత్రి ఎనిమిది. సిరీస్‌లో చెరి మూడు ఆటలు గెలిచి ఉన్నారు కాబట్టి ఈ ఒక్కటీ నెగ్గినవాళ్లదే కప్పు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరంటో బ్లూ జేస్ 4-3తో ముందుంది. ఇంకో ఇద్దరిని అవుట్ చేస్తే చాలు, 32 ఏళ్ల ఎదురుచూపు ఫలించేది. సరిగ్గా అప్పుడు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆటగాడు మిగెల్ రోహాస్ కొట్టిన బంతి వెళ్లి జనంలో పడింది, హోమ్ రన్. స్కోరు సమమైంది. పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ ఇంకో హోమ్ రన్ కొట్టాడు. 5-4తో కప్పు డాడ్జర్స్‌కు దక్కింది. మనకప్పుడు ఉదయం పది కావస్తోంది.

అదే రోజు సాయంత్రం నవీ ముంబైలో మహిళల క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్. వాన వల్ల రెండు గంటలు ఆలస్యంగా మొదలై, ముగిసేసరికి అర్ధరాత్రి అయింది. మన అమ్మాయిలు 298 పరుగులు చేసి, దక్షిణాఫ్రికాను 246కు ఆలౌట్ చేశారు. భారత మహిళలు గెలిచిన మొదటి ప్రపంచ కప్ అది. ఆ జట్టులో మన ఆంధ్రా అమ్మాయి ఉంది. కడప జిల్లా నుంచి వచ్చిన ఎడమచేతి వాటం స్పిన్నర్ శ్రీచరణి.

టొరంటోలో స్థిరపడి బ్లూ జేస్ టోపీ పెట్టుకుని తిరిగే తెలుగు కుటుంబాల సంగతి ఆలోచించండి. శనివారం రాత్రి గుండె పగిలింది. తెల్లారి లేచేసరికి ఫోన్‌లో ముంబై మ్యాచ్. ఒక్క రోజు తేడాలో అంత ఓటమీ ఇంత గెలుపూ చవిచూసినవాళ్లు ఈ రెండు ఆటలనూ ఇక విడివిడిగా తలచుకోలేరు.

18 ఇన్నింగ్స్, ఒక తుపాను

ఆ సిరీస్‌లోనే మూడో ఆట అక్టోబరు 28న, మన లెక్కన, పొద్దున్న అయిదున్నరకు లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. మామూలుగా బేస్‌బాల్ తొమ్మిది ఇన్నింగ్స్‌లతో ముగుస్తుంది. అప్పటికి సమానంగా ఉంటే ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడుతూనే ఉండాలి. ఆ రోజు 18 ఇన్నింగ్స్‌లు ఆడారు. 6 గంటల 39 నిమిషాలు. చివరికి ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో డాడ్జర్స్ 6-5తో గెలిచేసరికి మనకు మధ్యాహ్నం పన్నెండు దాటింది. అదే జట్టు ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ ఆ ఒక్క ఆటలో తొమ్మిది సార్లు అవుట్ కాకుండా బేస్ (పరుగు కోసం తాకాల్సిన నాలుగు మజిలీల్లో ఒకటి) చేరాడు.

ఆ రోజు తేదీ కాకినాడవాళ్లకు బేస్‌బాల్‌తో పనిలేకుండానే గుర్తుంటుంది. మొంథా తుపాను మన తీరం మీదికి వస్తున్న రోజు అది. ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డు మీద పడుతోంది, బడులకు సెలవిచ్చారు. రాత్రికి తుపాను నరసాపురం దాపున తీరం దాటింది. లాస్ ఏంజెలెస్‌లోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలు ఆ పూట ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను కాకినాడ వార్తల మీద పెట్టే ఉంటారు. పదిహేనో ఇన్నింగ్స్ నడుస్తుండగా “అమ్మా, ఇన్వర్టర్ చార్జింగ్ పెట్టావా? పైకొచ్చి పడుకోండి” అని ఇంటికి ఫోన్ చేసినవాళ్లు ఎందరో. ముప్పై ఏళ్ల తరవాత ఆ ఆట గురించి వాళ్లు తమ పిల్లలకు చెబితే, ఫ్రీమన్ హోమ్ రన్ పక్కనే మొంథా కూడా వస్తుంది. స్కోరుకార్డులో ఆ ముక్క ఎక్కడా ఉండదు.

సిరీస్ అంటే ఏమిటి, టూకీగా

మనకు ఫైనల్ అంటే ఒక్క మ్యాచ్. బేస్‌బాల్‌లో ఏడు ఆటల సిరీస్. ముందుగా నాలుగు గెలిచినవాడిదే కిరీటం. అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండు వర్గాలుంటాయి. ఒక్కో వర్గంలో గెలిచినవాళ్లను తేల్చేది చాంపియన్‌షిప్ సిరీస్. ఆ ఇద్దరు విజేతలూ తలపడేది వరల్డ్ సిరీస్. చాంపియన్‌షిప్ సిరీస్ 1969లో మొదలైనప్పుడు అయిదు ఆటలదే, 1985 నుంచి ఏడు చేశారు. మొదటి వరల్డ్ సిరీస్ 1903లో జరిగింది. బోస్టన్ జట్టు పిట్స్‌బర్గ్‌ను ఓడించింది.

ఏడు ఆటలు దాదాపు తొమ్మిది రోజులు సాగుతాయి. ఆడని రోజుల్లోనూ జనం మాట్లాడుకునేది ఆటే. నిన్న ఆ పిచర్‌ను (బంతి విసిరేవాణ్ని) తీసేయకుండా ఉండాల్సింది, రేపు ఫలానావాడిని ముందు పంపాలి. నా మటుకు ఆ ఆట అసలు రుచి ఈ మధ్య రోజుల్లోనే ఉంది. ఒకప్పటి అయిదు రోజుల టెస్టు మ్యాచ్ మధ్యలో వచ్చే విశ్రాంతి దినం గుర్తున్నవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది.

సియాటిల్‌కు ఇంకా దక్కనిది

అమెరికా పెద్ద లీగ్‌లో 30 జట్లున్నాయి. వాటిలో ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడని జట్టు ఒకే ఒక్కటి, సియాటిల్ మారినర్స్. మన కాకినాడవాళ్లకు సియాటిల్ కొత్త ఊరు కాదు. 1946లో మొదలైన మన ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అటు మైక్రోసాఫ్ట్‌లోనో అమెజాన్‌లోనో చేరి అక్కడే ఇల్లు కొనుక్కున్నవాళ్లు చాలామంది. రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో సంక్రాంతి ముగ్గులు మనవాళ్ల ఇళ్ల ముందు కనిపిస్తాయి.

2025 అక్టోబరులో ఆ సియాటిల్ ముందుగా డెట్రాయిట్‌తో 15 ఇన్నింగ్స్‌లు ఆడి గట్టెక్కి, అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్‌లో టొరంటోతో తలపడింది. మొదటి రెండు ఆటలూ టొరంటో గడ్డ మీదే గెలిచింది. సొంతూరికి వచ్చి రెండు ఓడింది. అయిదో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యూహేనియో స్వారెస్ బేస్‌లన్నీ నిండి ఉండగా హోమ్ రన్ కొట్టాడు. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. స్టేడియం ఊగిపోయింది. ఇంకొక్కటి గెలిస్తే చరిత్ర. ఆరోది ఓడింది. ఏడో ఆటలో, అక్టోబరు 20న, ఏడో ఇన్నింగ్స్ దాకా 3-1తో ముందుండి, జార్జ్ స్ప్రింగర్ కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తో 4-3కు ఓడింది. ఆ ఏడాది సీజన్‌లో 60 హోమ్ రన్‌లు కొట్టిన క్యాచర్ కాల్ రాలీ ఆ జట్టులోనే ఉన్నాడు. అయినా ఫలం దక్కలేదు.

సియాటిల్‌లో పాతకాపులను కదిపితే వాళ్లు 2025 దగ్గర ఆగరు. నేరుగా 1995కు వెళతారు. అక్టోబరు 8న న్యూయార్క్ యాంకీస్ మీద, పదకొండో ఇన్నింగ్స్‌లో, ఎడ్గర్ మార్టినెజ్ ఎడమ పక్కకు కొట్టిన బంతికి మొదటి బేస్ మీదున్న కెన్ గ్రిఫీ జూనియర్ రెండో, మూడో బేస్‌లు చుట్టి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ మీదికి జారుతూ చేరాడు. మారినర్స్ 6-5తో గెలిచింది. ఆ తరవాతి సిరీస్‌లో క్లీవ్‌లాండ్ చేతిలో ఓడినా, జట్టును ఊళ్లో నిలబెట్టింది ఆ పరుగే అని సియాటిల్ నమ్ముతుంది. అది విండోస్ 95 విడుదలైన ఏడాది. ఆగస్టు 24న అది వచ్చింది, ఆరు వారాలకు ఈ ఆట. ఆ రోజుల్లో రెడ్‌మండ్‌లో ఉద్యోగానికి చేరిన తెలుగు ఇంజనీర్లకు ఈ రెండూ ఒకే జ్ఞాపకం.

2001లో ఇదే జట్టు సీజన్‌లో 116 ఆటలు గెలిచింది. 1906లో చికాగో కబ్స్ నెలకొల్పిన రికార్డుకు సమానం. చాంపియన్‌షిప్ సిరీస్‌లో మాత్రం యాంకీస్ చేతిలో 4-1తో చిత్తయింది. అన్ని గెలిచిన ఏడాది కన్నా 1995నే ఆ ఊరు ఎక్కువ ప్రేమగా తలచుకుంటుంది. అభిమానుల మనసు పట్టికల ప్రకారం నడవదు మరి.

నిమ్మలవారి అబ్బాయి

టొరంటో బ్లూ జేస్ 2023లో మొదటి రౌండ్‌లోనే, మొత్తం మీద 20వ ఆటగాడిగా, ఎంచుకున్న కుర్రాడి పేరు అర్జున్ నిమ్మల. ఇంటిపేరు చూడగానే తెలిసిపోతుంది, మనవాడే. ఫ్లోరిడాలో పుట్టి పెరిగిన ఈ తెలుగు కుర్రాడికి అప్పుడు 17 ఏళ్లు. ఆడే చోటు షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ. కుడిచేతి వాటం బ్యాటర్లు కొట్టే బంతులు ఎక్కువగా వచ్చేది అటే కాబట్టి మైదానంలో అందరికన్నా చురుకైనవాణ్ని అక్కడ నిలబెడతారు. క్రికెట్‌లో పాయింట్ దగ్గర జాంటీ రోడ్స్‌ను చూసి మురిసినవాళ్లకు ఆ చోటు విలువ చెప్పక్కర్లేదు.

బేస్‌బాల్‌లో ఎంపికైన మరునాడే పెద్ద జట్టులో ఆడించరు. చిన్న లీగ్‌లలో మెట్టుమెట్టుగా ఎక్కాలి. అర్జున్ 2024లో ఫ్లోరిడాలోని డనీడిన్‌లో, 2025లో కెనడా పడమటి కొసన వాంకూవర్‌లో ఆడాడు. బ్లూ జేస్ ఏడో ఆట ఓడిన రాత్రి అతను ఇంకా పైమెట్టుకు చేరలేదు. ఆ చొక్కాతో వరల్డ్ సిరీస్‌లో ఆడే రోజు వస్తుందని నేను మనసారా కోరుకుంటున్నాను.

  

రెండే రెండు సార్లు

వరల్డ్ సిరీస్ చివరి దెబ్బ హోమ్ రన్ అయి, ఆ దెబ్బతోనే ఆట ముగిసి కప్పు తేలిపోవడం నూరేళ్లు దాటిన చరిత్రలో రెండే సార్లు జరిగింది. రెండోది 1993 అక్టోబరు 23న, టొరంటోలోనే. ఫిలడెల్ఫియా 6-5తో ముందుంది, తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు బేస్‌ల మీద మనుషులు. మిచ్ విలియమ్స్ వేసిన బంతిని టొరంటో ఆటగాడు జో కార్టర్ ఎడమ వైపు గోడ దాటించాడు. 8-6. కార్టర్ మొదటి బేస్ వైపు పరుగెత్తలేదు, గాల్లోకి గెంతుతూ వెళ్లాడు. బేస్‌లన్నీ కాలితో తాకాలి కదా, ఆ సంతోషంలో ఒకటి మరిచిపోతాడేమోనని రేడియో వ్యాఖ్యాత టామ్ చీక్ కంగారుగా గుర్తుచేశాడు. కెనడాలో ఆ గొంతును ఇప్పటికీ అనుకరిస్తారు. 2025 దాకా టొరంటో ఎదురుచూసింది ఆ రాత్రి మళ్లీ రావాలనే.

మొదటిది జరిగింది పిట్స్‌బర్గ్‌లో. దాని కథ కాస్త నింపాదిగా చెప్పుకోవాలి.

గోడ దగ్గర తిరునాళ్లు

1960 అక్టోబరు 13. పిట్స్‌బర్గ్ పైరేట్స్, న్యూయార్క్ యాంకీస్, ఏడో ఆట. ఆ సిరీస్ మొత్తంలో యాంకీస్ 55 పరుగులు చేసింది, పిట్స్‌బర్గ్ 27. అంటే సగం కూడా లేవు. అయినా చెరి మూడు ఆటలు గెలిచారు. యాంకీస్ గెలిచినవన్నీ చిత్తుచిత్తుగా, పిట్స్‌బర్గ్ గెలిచినవన్నీ చావుతప్పి కన్ను లొట్టపోయినట్టుగా. ఏడో ఆటలో తొమ్మిదో ఇన్నింగ్స్‌కు 9-9. అప్పుడు బ్యాటుతో వచ్చినవాడు పిట్స్‌బర్గ్ ఆటగాడు బిల్ మజెరోస్కీ. పేరున్న బ్యాటర్ కాదు, ఫీల్డింగ్ కోసం జట్టులో ఉన్నవాడు. రాల్ఫ్ టెర్రీ వేసిన రెండో బంతిని అతను ఎడమ వైపు గోడ మీదుగా పంపాడు. గోడ కింద యాంకీస్ ఆటగాడు యోగి బెర్రా తలెత్తి చూస్తూ నిలబడిపోయాడు. 10-9. మజెరోస్కీ టోపీ చేత్తో పట్టుకుని గాల్లో తిప్పుతూ బేస్‌లు చుట్టాడు. జనం మైదానంలోకి దూకి అతని వెంట పరుగులు తీశారు. ఇంకో విశేషం, ఆ సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన జట్టు ఆటగాడు బాబీ రిచర్డ్‌సన్‌కు వెళ్లింది.

ఆ మైదానం పేరు ఫోర్బ్స్ ఫీల్డ్. 1970లో ఆఖరి ఆట జరిగింది, ఆ తరవాత పడగొట్టారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం భవనాలు లేచాయి. గోడలో కొంత భాగాన్ని మాత్రం ఉంచేశారు, ఇటుకల మీద తీగ పాకిన గోడ, పక్కనే జెండా కొయ్య. మజెరోస్కీ బంతి గోడ దాటిన చోటును కాలిబాటలో ఫలకం పెట్టి గుర్తుంచారు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌ను ఒక విశ్వవిద్యాలయ భవనంలో నేలలో అద్దం కింద భద్రపరిచారు. పుస్తకాలు చంకన పెట్టుకుని పిల్లలు దాని పక్కనుంచే క్లాసులకు వెళుతుంటారు.

1985లో అక్టోబరు 13న ఒక అభిమాని ఒంటరిగా ఆ గోడ దగ్గరికి వెళ్లి, టేప్‌రికార్డర్‌లో 1960 నాటి రేడియో వ్యాఖ్యానం పెట్టుకుని ఆట మొత్తం విన్నాడు. మరుసటేడు కూడా వచ్చాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఒకరు తోడయ్యారు, పదిమందయ్యారు, వందలయ్యారు. ఇప్పుడది ఏటా జరిగే వేడుక. ఆనాడు ఆట మొదలైన వేళకే టేపు మొదలుపెడతారు. ఆనాడు మజెరోస్కీ బంతి గోడ దాటిన నిమిషానికే, మధ్యాహ్నం మూడున్నర దాటాక, స్పీకర్‌లోంచి ఆ కేక వినిపిస్తుంది. ఏం జరగబోతోందో అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కంగారుపడతారు, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ సమం చేసినప్పుడు నిట్టూరుస్తారు, చివరికి లేచి ఒకరినొకరు కౌగిలించుకుంటారు. నాన్న భుజాల మీద కూర్చుని ఆ ఆట చూసినవాళ్లు ఇప్పుడు మనవలను వెంటబెట్టుకు వస్తారు. సీతారాముల పెళ్లి కథ తెలిసీ ఏటా భద్రాచలం వెళ్లే జనానికి ఆ మధ్యాహ్నం ఏమిటో ఇట్టే తెలుస్తుంది.

ఆ ఆట వీడియో చాలాకాలం లేదనే అనుకున్నారు. అప్పట్లో టీవీ ప్రసారాలు దాచే అలవాటు లేదు. పైరేట్స్‌లో వాటాదారుగా ఉన్న గాయకుడు బింగ్ క్రాస్‌బీ ఆ ఆట చూడడానికి గుండె చాలక ఊరు విడిచి పారిస్ వెళ్లిపోయాడు. పోతూ పోతూ టీవీ ప్రసారాన్ని ఫిల్ము మీదికి ఎక్కించమని మనుషులను పురమాయించాడు. గెలిచారని తెలిశాక ఇంటికొచ్చి తనివితీరా చూసుకున్నాడు. 2009 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఆయన ఇంట్లో, వైన్ సీసాలు దాచే చల్లని గదిలో, ఆ ఫిల్ము డబ్బాలు చెక్కుచెదరకుండా దొరికాయి. ఇప్పుడు ఆ ఆటను మొదటి బంతి నుంచి చివరిదాకా చూడొచ్చు. ఫిల్ము దొరికాక కూడా గోడ దగ్గర రేడియో వినడం ఆగలేదు.

పిట్స్‌బర్గ్ అనగానే మనకు గుర్తొచ్చేది వేరు. ఆ నగరం శివారు పెన్ హిల్స్‌లో గుట్ట మీద 1970లలో వెలసిన వేంకటేశ్వరస్వామి గుడి. అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల్లో ఆ స్వామి దర్శనం చేసుకోనివాళ్లు తక్కువ. గుడి నుంచి ఆ గోడ ఎంతో దూరం లేదు. ఈసారి పిల్లల దగ్గరికి వెళ్లేది అక్టోబరులో అయితే, దర్శనం అయ్యాక అక్కడికీ తీసుకెళ్లమనండి. టిక్కెట్టు లేదు.

ఇంకో ముక్క. పైరేట్స్ జట్టు 2008లో ఇద్దరు భారతీయ కుర్రాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన రింకూ సింగ్, దినేశ్ పటేల్. బంతి వేగంగా విసిరే పోటీలో నెగ్గి అమెరికా విమానం ఎక్కినవాళ్లు. అంతకుముందు ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లే.

అమ్మ నొక్కిన మీట

1951 అక్టోబరు 3న న్యూయార్క్‌లో జెయింట్స్, డాడ్జర్స్ జట్ల మధ్య లీగ్ విజేతను తేల్చే ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బాబీ థామ్సన్ కొట్టిన హోమ్ రన్‌తో జెయింట్స్ 5-4తో గెలిచింది. రేడియోలో రస్ హాడ్జెస్ ఒకే మాటను పదేపదే అరిచాడు, జెయింట్స్ గెలిచిందని. అమెరికా క్రీడా చరిత్రలో అందరికీ తెలిసిన గొంతు అదే. రేడియో స్టేషన్ ఆ ప్రసారాన్ని దాచలేదు. దాచింది ఒక అభిమాని. అతనికి ఆ రోజు డ్యూటీ ఉంది. పనికి పోతూ, చివరి ఇన్నింగ్స్ వచ్చేసరికి టేప్‌రికార్డర్ మీట నొక్కమని అమ్మకు చెప్పి వెళ్లాడు. ఆవిడ గుర్తుపెట్టుకుని నొక్కింది.

కొడుకు అభిమానించే జట్టు ఏమిటో ఆ తల్లికి ఎంత తెలుసో మనకు తెలియదు గానీ, ఆ మీట నొక్కకపోతే ఈ డెబ్భై ఏళ్ల పైబడిన కేక గాలిలో కలిసిపోయేది. చిన్నప్పుడు మనం ట్యూషన్‌కు పోతూ “అమ్మా, స్కోరెంతో విని చెప్పవే” అని అడిగితే, వంట మధ్యలో రేడియో చెవి దగ్గర పెట్టుకుని వికెట్లు గుర్తుపెట్టుకుని చెప్పిన తల్లులు ఈ ఊరి నిండా ఉన్నారు. వాళ్లలో సగంమందికి ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏమిటో తెలియదు. అయినా స్కోరు ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

వీడియో లేని 175

మనకూ అలాంటి ఆట ఒకటుంది. 1983 జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద భారత్ 17 పరుగులకు అయిదు వికెట్లు పోగొట్టుకుంది. కపిల్ దేవ్ 175 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. దాని వీడియో ఎక్కడా లేదు. సరిగ్గా వారానికి, జూన్ 25న, లార్డ్స్‌లో 183 పరుగులే చేసి వెస్టిండీస్‌ను 140కి కూల్చి కప్పు గెలిచాం. వివియన్ రిచర్డ్స్ క్యాచ్ కోసం కపిల్ వెనక్కి పరుగెత్తడం మనం లెక్కలేనన్ని సార్లు చూశాం. ఆ 175ను మాత్రం ఎవరికి వారే ఊహించుకోవాలి. అప్పటికి మన ఊళ్లలో టీవీ సరిగా రాలేదు, రేడియోనే దిక్కు. అందుకే ఆ ఇన్నింగ్స్ గురించి పెద్దవాళ్లు చెప్పేటప్పుడు ఒక్కొక్కరి నోట ఒక్కో సిక్సర్ ఒక్కో వైపు పోతుంది. ఎవరినీ తప్పు అనడానికి వీల్లేదు.

సిక్సర్ల మాట వచ్చింది కాబట్టి మరొకటి. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. మీద 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు. ఆ కాలానికి అది కనీవినీ ఎరగని దెబ్బ. 1932లో భారత్ తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలో దిగింది. దానికీ సి.కె.నే నాయకుడు, అప్పటికి ఆయనకు 58 ఏళ్లు.

కాకినాడ కుర్రాడు, అక్టోబరు 13

మజెరోస్కీ హోమ్ రన్ రోజే, అంటే అక్టోబరు 13నే, 1993లో, మన కాకినాడలో పుట్టాడు హనుమ విహారి. జో కార్టర్ టొరంటోలో గాల్లోకి గెంతడానికి సరిగ్గా పది రోజుల ముందు.

2021 జనవరి 11, సిడ్నీ. ఆస్ట్రేలియా పెట్టిన లక్ష్యం 407. ఐదు వికెట్లు పడ్డాక క్రీజులో విహారి, అశ్విన్ మిగిలారు. ఒక పరుగు తీస్తుండగా విహారి తొడ వెనక కండరం పట్టేసింది. ఇక పరుగెత్తలేడు. అశ్విన్‌కు నడుం నొప్పి. ఇద్దరూ కలిసి 40 ఓవర్లకు పైగా నిలబడ్డారు. విహారి 161 బంతులాడి 23 పరుగులు చేశాడు. బంతి నెత్తి మీదికి వస్తే వంగాడు, ఒంటి మీదికి వస్తే ఒంటితో ఆపాడు, వికెట్ల మీదికి వస్తే బ్యాటు అడ్డం పెట్టాడు. మ్యాచ్ డ్రా అయింది. ఆ మధ్యాహ్నం ఆ 23 పరుగులు ఎన్ని సెంచరీల పెట్టో చూసినవాళ్లకే తెలుసు.

నాకు అంతకన్నా గొప్పగా తోచేది 2023 ఇందోర్. రంజీ క్వార్టర్ ఫైనల్, మధ్యప్రదేశ్‌తో. ఆవేశ్ ఖాన్ బౌన్సర్‌కు విహారి ఎడమ ముంజేతి ఎముక విరిగింది. జట్టు 379 పరుగుల దాకా వెళ్లింది, రికీ భుయ్, కరణ్ షిండే సెంచరీలు చేశారు. వికెట్లు పడేసరికి విహారి కట్టు కట్టుకుని మళ్లీ దిగాడు. కుడిచేతి వాటం బ్యాటర్ అయిన విహారి ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు. మామూలుగా నిలబడితే బౌలర్ వైపు ఉండేది విరిగిన ఎడమ చేయి, ఇలా తిరిగితే అది వెనక్కి పోతుంది. ఒక్క కుడి చేత్తో బ్యాటు ఊపుతూ ఫోర్లు కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే వచ్చాడు. కానీ ఆ ఇన్నింగ్స్‌లో ఆంధ్ర 93కే కూలింది, మ్యాచ్ పోయింది.

2024 ఫిబ్రవరి, మళ్లీ క్వార్టర్ ఫైనల్, మళ్లీ ఇందోర్, మళ్లీ మధ్యప్రదేశ్. మన బౌలర్లు రెండో ఇన్నింగ్స్‌లో వాళ్లను 107కు పడగొట్టారు. గెలవడానికి 170 కావాలి. విహారి 55 చేశాడు. ఆంధ్ర 165కు ఆలౌట్. నాలుగు పరుగుల తేడాతో ఓటమి.

సియాటిల్ వరల్డ్ సిరీస్ ఆడనట్టే ఆంధ్ర జట్టూ ఇప్పటిదాకా రంజీ ఫైనల్ ఆడలేదు. హైదరాబాద్ రెండు సార్లు గెలిచింది. 1938లో బొంబాయిలో 310 పరుగుల లక్ష్యాన్ని ఒక్క వికెట్ తేడాతో ఛేదించినప్పుడు ఎడుల్జీ ఐబారా 137తో అజేయంగా నిలిచాడు. రెండోసారి 1987లో, ఎం.వి.నరసింహారావు కెప్టెన్సీలో, ఢిల్లీ మీద. ఆంధ్రకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇంకా రాలేదు. 2025లో విహారి త్రిపుర జట్టుకు మారాడు.

ఇందోర్‌లో ఆ నాలుగు పరుగుల తేడాతో ఓడిన పూట మీరెక్కడున్నారు? భానుగుడి సెంటర్‌లో టీ కొట్టు దగ్గర ఫోన్‌లో స్కోరు చూస్తున్నారా, ఆఫీసులోనా? సిడ్నీ రోజున ఎవరితో కలిసి చూశారు? 1983లో మీ వీధిలో రేడియో ఎవరింట్లో ఉండేది? సియాటిల్‌లోనో టొరంటోలోనో ఉన్న మీ అబ్బాయో అమ్మాయో ఏడో ఆట రాత్రి మీకేమని ఫోన్ చేశారు? ఒక పేజీ మించకుండా రాసి పంపండి. తేదీ గుర్తులేకపోయినా ఫరవాలేదు, పక్కనెవరున్నారో రాయండి. వచ్చిన ఉత్తరాల్లో ఆసక్తికరమైనవి ఇదే శీర్షికలో వేస్తాం.